పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడకపోతే అమెరికా యుద్ధంలోకి దిగేదా, దిగేది కాదా?

గోదారిగట్టు:
మా అన్నయ్య కొడుకు పదో తరగతి. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒకటే వాక్యం పదిసార్లు వల్లె వేస్తున్నాడు: 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేయుటచే అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో ప్రవేశించెను. వాడి పరీక్ష గొడవ వాడిది గానీ, ఆ "చేయుటచే" దగ్గర నాకు అన్నంలో రాయి తగిలినట్టయింది.

నా వాదన చెప్తాను, కాదన్నవాళ్లు కాదనండి. డిసెంబర్ 7 నాటికి అమెరికా యుద్ధంలో లేదనడం ఎలా ఉందంటే, పందిరి వేసి, వంటవాళ్లను మాట్లాడి, సన్నాయి మేళానికి బయానా కూడా ఇచ్చి, అబ్బే ఇంకా సంబంధమే కుదరలేదండీ అన్నట్టుంది. వరస చూడండి. 1940 సెప్టెంబర్ 2న 50 పాత డిస్ట్రాయర్లు (చిన్న యుద్ధనౌకలు) బ్రిటన్‌కి ఇచ్చేశారు. బదులుగా న్యూఫౌండ్‌లాండ్, బెర్ముడా, కరీబియన్ దీవుల్లో స్థావరాలు 99 ఏళ్ల లీజుకి తీసుకున్నారు. వాళ్ల పార్లమెంటు కాంగ్రెస్‌ని అడగలేదు. అడిగితే ఇవ్వరని తెలుసు కాబట్టి అధ్యక్షుడి సంతకంతోనే కానిచ్చారు. 1941 మార్చిలో లెండ్-లీజ్, అంటే బ్రిటన్ లాంటి దేశాలకి రేటు కట్టకుండా యుద్ధ సామాను పంపే చట్టం. జూలైలో ఐస్‌లాండ్‌లో అమెరికన్ మెరైన్లు దిగారు. సెప్టెంబర్ 11న జర్మన్ జలాంతర్గాములు కనిపిస్తే కాల్చమన్నారు. అక్టోబర్ 17న కెర్నీ అనే ఓడకి టార్పెడో తగిలి 11 మంది పోయారు. అదే నెల 31న రూబెన్ జేమ్స్ అనే ఇంకో అమెరికన్ ఓడ మునిగింది, కనీసం వంద మంది నావికులు పోయారు. ఇదంతా "తటస్థ దేశం" భాగోతం!

మరి జనానికి ఏం చెప్పారు? 1940 అక్టోబర్ 30న బోస్టన్ సభలో అధ్యక్షుడు రూజ్వెల్ట్, మీ పిల్లల్ని పరాయి యుద్ధాలకి పంపను అని మాటిచ్చాడు. అంతకుముందు "మన మీద దాడి జరిగితే తప్ప" అని ఒక మెలిక ఉండేది. బోస్టన్‌లో అదీ తీసేశాడు. ఆరు రోజుల్లో పోలింగు మరి.

హిట్లర్‌ని ఓడించాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు, ఓడించాల్సిందే. జనాన్ని అడిగి దిగారా, దొడ్డిదారిన దింపారా? దొడ్డిదారినే అంటాను. జపాన్ వచ్చి వీధి తలుపు తీసింది, అంతే.

లెక్కల మాస్టారు:
గట్టు గారూ, అడిగారా లేదా అంటున్నారు కాబట్టి ఓట్లు లెక్కపెడదాం. నాకొచ్చిన విద్య అదొక్కటే.

మొదట 1938 జనవరి 10. ఇండియానా నుంచి లూయీ లడ్లో అనే సభ్యుడు ఒక రాజ్యాంగ సవరణ తెచ్చాడు. దేశం మీద దాడి జరిగితే తప్ప, యుద్ధం ప్రకటించే ముందు ప్రజలందరి చేత ఓటు వేయించాలి అని. దాన్ని కమిటీ నుంచి సభ ముందుకు తెద్దామా అన్న తీర్మానమే 209-188తో వీగిపోయింది. పదకొండు మంది ఇటు వచ్చుంటే చర్చకి వచ్చేది. ఆనాటి అమెరికా మనసు అది. దానికి నెల ముందే యాంగ్‌ట్సీ నదిలో పనే అనే అమెరికన్ యుద్ధనౌకని జపాన్ విమానాలు ముంచాయి. జపాన్ క్షమాపణ చెప్పి 22 లక్షల డాలర్ల పరిహారం కట్టింది, అమెరికా పుచ్చుకుని ఊరుకుంది. ఓడ మునిగితే యుద్ధం దానంతట అదే రాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

తర్వాత లెండ్-లీజ్. ప్రతినిధుల సభలో 260-165, సెనేట్‌లో 60-31. జనవరిలో బిల్లు పెడితే మార్చి 11కి సంతకం. రెండు నెలల పాటు రేడియోలో, పేపర్లలో, రచ్చబండల్లో దాని గోలే. పక్కింటికి నిప్పంటుకుంటే నీళ్ల గొట్టానికి రేటు కడతామా అని అధ్యక్షుడే పత్రికలవాళ్లని పిలిచి పోలిక చెప్పాడు. దొడ్డిదారి ఇంత బాజాభజంత్రీలతో ఉంటుందా అండీ?

అసలు చూడాల్సింది 1941 ఆగస్టు 12. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక భర్తీ) పెట్టి, 21 నుంచి 35 ఏళ్ల మగవాళ్లందరి పేర్లూ రాయించి, చీటీలు తీసి కుర్రాళ్లని పట్టుకెళ్లారు. పన్నెండు నెలలే అన్నారు. గడువు దగ్గరపడేసరికి ఇంకో పద్దెనిమిది నెలలు పొడిగిస్తామన్నారు. కుర్రాళ్లకి ఒళ్లు మండింది. బ్యారక్‌ల గోడల మీద "ఓ, హెచ్, ఐ, ఓ" అని నాలుగక్షరాలు రాసేవారు. ఒహాయో రాష్ట్రం మీద ప్రేమ కాదు లెండి, అక్టోబర్ వస్తే గోడ దూకేస్తాం అన్న మాటకి పొట్టి పేరు. సభలో ఓటింగు 203-202. ఒక్క ఓటు! స్పీకర్ శామ్ రేబర్న్ అంకె చదివిందే తడవుగా అయిపోయిందని ఖాయం చేసేశాడు. ఓటు మార్చుకుంటామన్నవాళ్లకి సందివ్వలేదు. కావాలంటే సరిగా లెక్కపెట్టామో లేదో మళ్లీ చూసుకోండి అన్నాడు.

చివరగా నవంబర్ 13. వ్యాపార నౌకలకి ఆయుధాలు పెట్టి యుద్ధ జలాల్లోకి పంపొచ్చా? 212-194.

తేడాలు వేసుకోండి: 95, 1, 18. సామాను పంపుదాం అంటే తొంభై అయిదు మంది ఎక్కువ. మనిషిని ఉంచుదాం అంటే ఒక్కడు ఎక్కువ. దేశం ఎక్కడ ఆగిపోయిందో ఈ అంకెల్లోనే ఉంది. పెర్ల్ హార్బర్‌కి నాలుగు నెలల ముందు సైన్యాన్ని ఇంటికి పంపకుండా ఉంచడానికే ఇంత ప్రాణం మీదికి వచ్చిన సభ, యుద్ధ ప్రకటనకి ఓటేస్తుందా? నా మట్టుకు మీ అన్నయ్యగారి అబ్బాయి "చేయుటచే" కరెక్టే.

ఓరుగల్లు పిల్ల:
ఇద్దరూ ఒక్క మాట అడగకుండనే ఒప్పుకున్నరు. అమెరికా అంతకు ముందు "ఏకాకి" అని ఎవరు చెప్పిన్రు మీకు?

హైతీల 1915 నుంచి 1934 దాకా అమెరికా మెరైన్లే ఉన్నరు. నికరాగ్వాల 1933 దాకా. ఫిలిప్పీన్స్ 1898 నుంచి వాళ్ల చేతులనే. 1924ల జర్మనీ కట్టాల్సిన యుద్ధ పరిహారం లెక్క సర్దింది డాస్ ప్లాన్, అది అమెరికా బ్యాంకుల పైసలే. ఏకాకి అంటే ఇంట్ల కూసునుడు గదా? ఇది ఇంట్ల కూసునుడు కాదు, యూరప్ కొట్లాటల చెయ్యి పెట్టను, మిగిలిన దునియా నా ఇష్టం అనుడు. సరుకు అంతటికీ పోవాలె, పిల్లలు మాత్రం పోవొద్దు. గంతే.

తలుపులు వేసింది మాత్రం మనుషులకి. 1923ల భగత్ సింగ్ థిండ్ కేసు తెలుసా? మొదటి యుద్ధంల అమెరికా సైన్యంల పనిచేసిన మనిషి. అయినా నువ్వు తెల్లోడివి కాదు, పౌరసత్వం లేదు పొమ్మంది సుప్రీంకోర్టు. 1939ల సెయింట్ లూయిస్ ఓడ 937 మంది ప్రయాణికులతోని వచ్చింది, దాదాపు అందరూ హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదులే. ఫ్లోరిడా దీపాలు కనపడేంత దగ్గరికి వచ్చి వాపస్ పోయింది. మీరు "శాంతి కోరుకున్న ప్రజలు" అని ముద్దుగ చెప్పేదాంట్ల ఇది కూడ ఉంది.

డల్లాస్ బావ:
ఓరుగల్లు చెల్లెమ్మా, నువ్వు చెప్పింది నిజమే. కానీ యుద్ధం వద్దన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

నేనుండే దగ్గర కోర్టు ముందు ఒక రాయి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆ కౌంటీ కుర్రాళ్ల పేర్లు. చిన్న ఊరు, ఒకే ఇంటిపేరు రెండుసార్లు కనిపిస్తుంది. మొత్తం ఆ యుద్ధంలో అమెరికాకి పోయినవాళ్లు 1,16,516. దేనికి పోయారు? ప్రజాస్వామ్యానికి ప్రపంచాన్ని భద్రంగా చేస్తాం అన్నారు. తీరా ఆ యుద్ధాన్ని ముగించిన వెర్సాయ్ ఒప్పందాన్ని వాళ్ల సెనేటే రెండుసార్లు తోసిపుచ్చింది. ఇచ్చిన అప్పులకి యూరప్ దేశాలు ఎగనామం పెట్టాయి, ఫిన్లాండ్ ఒక్కటే కట్టుకుంటూ వచ్చింది. 1932లో ఆ యుద్ధం చేసిన మాజీ సైనికులే, మాకు రావాల్సిన బోనస్ ఇప్పుడే ఇప్పించండి మహాప్రభో అని పెళ్లాం పిల్లలతో వాషింగ్టన్ వచ్చి గుడిసెలేసుకుంటే, జనరల్ మెకార్థర్ సైన్యంతో వచ్చి తరిమేశాడు. గుడిసెలు తగలబడ్డాయి. రెండేళ్లకి సెనేటర్ జెరాల్డ్ నై కమిటీ కూర్చుని ఆయుధ కంపెనీలూ, బ్యాంకులూ ఆ యుద్ధంలో ఎంత నొల్లుకున్నాయో ఒక్కొక్కటీ బయటపెట్టింది. ఆ వేడిలోంచి పుట్టినవే 1935, 36, 37 తటస్థతా చట్టాలు.

అంటే మొదటిసారి వాళ్లు ఏ దార్లో యుద్ధంలోకి జారారో ఆ దారులన్నిటికీ ఒక్కొక్కటిగా తాళం వేసుకున్నారు. అప్పు ఇవ్వొద్దు, ఆయుధం అమ్మొద్దు, యుద్ధం చేసే దేశాల ఓడలెక్కొద్దు. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాడు పొయ్యి దగ్గరికెళ్లేముందు ఆలోచిస్తాడు. దాన్ని పిరికితనం అనను.

ఇక యుద్ధం వద్దన్న అమెరికా ఫస్ట్ కమిటీ. దాన్ని 1940లో మొదలుపెట్టింది యేల్ యూనివర్సిటీ కుర్రాళ్లు. ఎనిమిది లక్షల మంది సభ్యులు. వాళ్లలో సోషలిస్టులూ ఉన్నారు, పాస్టర్లూ ఉన్నారు, కొడుకుల్ని పంపలేని తల్లులూ ఉన్నారు. వాళ్ల కొంప ముంచింది వాళ్ల హీరోనే. 1941 సెప్టెంబర్ 11న డెమాయిన్‌లో, అట్లాంటిక్‌ని ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ మైకు పట్టుకుని, మనల్ని యుద్ధంలోకి తోస్తున్నది బ్రిటిష్‌వాళ్లు, యూదులు, రూజ్వెల్ట్ ప్రభుత్వం అన్నాడు. ఆ ఒక్క ప్రసంగంతో ఏడాది పరువు గంగలో కలిసింది. వాళ్లు అడిగిన అసలు ప్రశ్న, యుద్ధాన్ని ఎవరు నిర్ణయించాలి అన్నది, దాంతోపాటే మునిగిపోయింది.

ఉల్లి పెసరట్టు:
ఇంత పెద్ద పెద్ద పోస్టులెందుకు బాబూ. రూజ్వెల్ట్‌కి ముందే తెలుసు. జపాన్ కోడ్ పగలగొట్టారు. విమాన వాహక నౌకలు మూడూ ఆ రోజు హార్బర్లో లేవు. యుద్ధ మంత్రి స్టిమ్సన్ నవంబర్ 25న డైరీలో, మనకి ఎక్కువ ప్రమాదం లేకుండా మొదటి తూటా వాళ్ల చేత ఎలా పేల్పించాలి అని రాసుకున్నాడు. ఇంకేం కావాలి? కేసు క్లోజ్.

లెక్కల మాస్టారు:
పెసరట్టు గారూ, అట్టు తిరగెయ్యండి, అటువైపు కాలలేదు.

పగలగొట్టింది రాయబారుల కోడ్. టోక్యో నుంచి వాషింగ్టన్ రాయబారికి వచ్చే తంతి చదవగలిగారు. ఆ తంతుల్లో పెర్ల్ హార్బర్ మీద ఫలానా రోజు దాడి అని ఎక్కడా లేదు, ఉంటుందా? నౌకాదళం దాడి ప్లాను సొంత రాయబారికి చెప్పలేదు జపాన్. నౌకాదళం వాడే కోడ్‌ని అమెరికా అప్పటికి చదవలేకపోతోంది. దాడి వస్తుందని తెలుసు. ఎక్కడికి అన్నది తెలియదు. ఫిలిప్పీన్స్, మలయా, థాయ్‌లాండ్ వైపే అందరి కళ్లూ.

వాహక నౌకల సంగతి. ఎంటర్‌ప్రైజ్ వేక్ దీవికి విమానాలు దింపి తిరిగొస్తోంది. లెక్సింగ్టన్ మిడ్వేకి విమానాలు తీసుకెళ్తోంది. సారటోగా శాన్ డియేగోలో ఉంది. అప్పటికి నౌకాదళం ప్రాణమంతా బ్యాటిల్‌షిప్‌ల మీదే అనుకునేవారు, అవి ఎనిమిదీ అక్కడే ఉన్నాయి. దాచుకోవాలనుకున్నవాడు అవి దాచుకుంటాడు కదా.

ఆ రోజు పొద్దున 7 గంటల 2 నిమిషాలకి పెర్ల్ హార్బర్ ఉన్న ఓవాహూ దీవి (హవాయి) ఉత్తర కొసన, ఒపానా దగ్గర, ఇద్దరు మామూలు సిపాయిలు రాడార్ ముందున్నారు. డ్యూటీ టైము ఏడుకే అయిపోయింది. టిఫినుకి తీసుకెళ్లే లారీ రాలేదని కుర్ర సిపాయి నేర్చుకుంటానంటే సెట్టు కట్టెయ్యలేదు. తెర మీద ఇంతకుముందెప్పుడూ చూడనంత పెద్ద గుర్తు. సుమారు 130 మైళ్ల దూరం. ఫోన్ చేస్తే అవతల ఉన్న లెఫ్టినెంటు, కాలిఫోర్నియా నుంచి మన బీ-17 బాంబర్లు రావాలి కదా, అవే అయ్యుంటాయి అనుకుని, పట్టించుకోకండి అన్నాడు. గంటలోపే బాంబులు. 2,403 మంది పోయారు, అందులో 1,177 మంది అరిజోనా అనే ఒక్క బ్యాటిల్‌షిప్‌లోనే. ఇంత అలసత్వం ఉన్నచోట కుట్ర కూడా ఉందని నమ్మాలంటే ప్రభుత్వాల సామర్థ్యం మీద నాకు లేనంత గౌరవం ఉండాలి.

స్టిమ్సన్ మాట మాత్రం ఉంది, కాదనను. మొదటి తూటా ఎవరిదన్నది జనం దృష్టిలో ముఖ్యమని వాళ్లకి తెలుసు. కానీ దాన్ని ఎనిమిది బ్యాటిల్‌షిప్‌లు పణంగా పెట్టడంగా చదవడం కుదరదు.

ఉల్లి పెసరట్టు:
అధికారికంగా చెప్పేదంతా నమ్మేవాళ్లతో వాదించలేం.

నిర్వాహకుడు:
వాదనతో వాదించండి, మనిషితో వద్దు. ఇద్దరికీ కలిపి ఇదొక్కసారే.

గోదారిగట్టు:
పెసరట్టు గారి దారి నా దారి కాదు, నన్ను అందులో కలపకండి. నాకు కుట్ర అక్కర్లేదు, కళ్ల ముందు జరిగిందే చాలు.

మాస్టారు ఓట్లు చెప్పారు, బాగుంది. ఓటు లేకుండా జరిగినవాటి మాటేమిటి? గ్రీర్ అనే అమెరికన్ డిస్ట్రాయర్ సంగతి తీసుకోండి. 1941 సెప్టెంబర్ 4, ఐస్‌లాండ్ దారిలో ఆ ఓడ మీదికి జర్మన్ జలాంతర్గామి టార్పెడో వదిలింది. వారం తర్వాత రూజ్వెల్ట్ రేడియోలో ఏం చెప్పాడు? మన ఓడ తన మానాన తను పోతుంటే జర్మన్లే ముందు కాల్చారు, తాచుపాము పడగెత్తితే అది కాటేసేదాకా ఆగుతామా అని. (వాళ్లది గిలకపాము లెండి, మనకి తాచు అంటే తెలుస్తుంది.) ఆ మాట మీదే కనిపిస్తే కాల్చమన్న ఆదేశం.

చెప్పనిదేమిటి? ఒక బ్రిటిష్ విమానం గ్రీర్‌కి ఆ జలాంతర్గామి జాడ చెప్పింది. గ్రీర్ గంటల తరబడి దాని వెనకే తిరిగి, ఎక్కడుందో చెబుతూ ఉంది. ఆ విమానం డెప్త్ చార్జులు (నీళ్ల కింద పేలే బాంబులు) వేసి వెళ్లింది. నీళ్ల కిందున్నవాడికి అది ఎవరు వేశారో ఏం తెలుసు? వాడు తిరిగి కొట్టాడు. ఈ నిజం నౌకాదళాధిపతి స్టార్క్ సెనేట్‌కి ఇచ్చిన నివేదికలోంచే తర్వాత బయటికొచ్చింది. హిట్లర్ మంచివాడని కాదు నేననేది. సగం చెప్పి జనం చేత పూర్తి ఒప్పుదల తీసుకోవడం గురించి అంటున్నాను. ఈ అలవాటు ఆ తర్వాత ఆ దేశంలో వచ్చిన అధ్యక్షులకి ఎంత పనికొచ్చిందో వియత్నాంవాళ్లని అడగండి.

డల్లాస్ బావ:
👏 వియత్నాం యుద్ధానికి సాకైన టోన్కిన్ సింధుశాఖ, 1964. అచ్చం ఇదే కథ.

ఓరుగల్లు పిల్ల:
మీరంత అట్లాంటిక్ వైపే చూస్తున్నరు. కొట్టింది మాత్రం పసిఫిక్ వైపు నుంచి. జపాన్ తోని ఎట్ల చెడిందో ఎవరూ మాట్లాడరేంది?

1937 నుంచి జపాన్ చైనాని తగలబెడుతుంటె, ఆ విమానాలకి, లారీలకి పెట్రోల్ ఎవరు అమ్మిన్రు? ఎక్కువ మట్టుకు అమెరికనే. తుక్కు ఇనుము కూడ. 1940 చివర్ల తుక్కు బంద్ చేసిన్రు. 1941 జూలైల జపాన్ దక్షిణ ఇండోచైనాల దిగంగనే 26వ తారీఖు వాళ్ల పైసలన్నీ జప్తు చేసిన్రు. పైసలు కదలకపోతే కొనుడెట్ల? నూనె బంద్ అయినట్టే. జపాన్ వాడే నూనెల దాదాపు 80 శాతం అమెరికాదే. ఇగ వాళ్ల ముంగట రెండే తొవ్వలు. చైనా ఇడిచిపెట్టి పోవుడు, లేకపోతే ఇండోనేషియా నూనె గుంజుకునుడు. జపాన్ సైన్యం చైనా ఇడిచిపెడుతదా?

ఇది తప్పు పని అంటలేను. చైనాల జరిగింది చూస్తె అంతకు ముందే బంద్ పెట్టాలె. కాని గట్టన్నా, మీ ప్రశ్నకి జవాబు ఈడుంది. డిస్ట్రాయర్లకి ఓటు లేదన్నరు గదా, నూనె బంద్‌కి కూడ ఓటు లేదు. అధ్యక్షుని ఆర్డరే. యుద్ధం తెచ్చింది అదే. అట్లాంటిక్‌ల నెలల సంది ఓడలు మునిగినా రాని యుద్ధం, ఒక బ్యాంకు ఖాతా బంద్ చేస్తె నాలుగున్నర నెలలల్ల వచ్చింది.

లెక్కల మాస్టారు:
ఇది ఒప్పుకుంటాను. నేను ఓట్ల దగ్గరే ఆగిపోయాను, బ్యాంకు ఖాతా ఓటుకి రాదు. బాగా పట్టావమ్మా.

కానీ దీనికి ఇంకో ముడి ఉంది. డిసెంబర్ 8న రూజ్వెల్ట్ కాంగ్రెస్‌లో మాట్లాడినప్పుడు జర్మనీ పేరే ఎత్తలేదు. సెనేట్ 82-0, ప్రతినిధుల సభ 388-1, కానీ యుద్ధం జపాన్ మీద మాత్రమే. 8, 9, 10 తేదీల్లో అమెరికా, జర్మనీ శత్రువులు కావు. లండన్‌లో చర్చిల్‌కి గుబులు పట్టుకునే ఉంటుంది, వీళ్లు పసిఫిక్ వైపు తిరిగిపోతే లెండ్-లీజ్ సామాను కూడా అటే పోతుందేమోనని. 11న హిట్లరే జర్మన్ పార్లమెంటు రైష్‌టాగ్‌లో నిలబడి అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. చెయ్యాల్సిన అవసరం లేదు. జపాన్‌తో ఒప్పందం ప్రకారం, జపాన్ మీద ఎవరైనా దాడి చేస్తేనే ఈయన సాయపడాలి. దాడి చేసింది జపానే కదా. ఆ ఏడాదంతా అమెరికా ఓడల జోలికి పోవద్దని తన నౌకాదళాన్ని ఆపి ఉంచినవాడు, రష్యా మంచులో సైన్యం ఇరుక్కుని ఉండగా, కొరివితో తల గోక్కున్నాడు.

నెల తిరిగేసరికి జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరం పక్కనే వేటాడాయి. ఊళ్లలో దీపాలు ఆర్పడం అప్పటికింకా మొదలుపెట్టలేదు, ఆ వెలుతుర్లో నూనె ఓడలు తెర మీద బొమ్మల్లా కనిపించేవి. యుద్ధంలో ఉన్నామని తీరం జనానికి అప్పుడు తెలిసింది.

కాబట్టి గట్టు గారూ, ఐరోపా యుద్ధంలోకి అమెరికాని దింపింది రూజ్వెల్ట్ కాదు, జపాను కూడా కాదు. హిట్లర్.

గోదారిగట్టు:
దింపింది హిట్లర్ అయితే, దిగడానికి మెట్లు కట్టిందెవరు? 1941 జనవరి నుంచి మార్చి దాకా వాషింగ్టన్‌లో బ్రిటిష్, అమెరికన్ సేనాధికారులు గుట్టుగా కూర్చుని, మనం కలిసి దిగితే ముందు జర్మనీ పని పడదాం, జపాన్ తర్వాత అని తేల్చుకున్నారు. కాంగ్రెస్‌కి చెప్పలేదు.

లెక్కల మాస్టారు:
సైన్యాలు ప్లాన్లు వేసుకుంటాయండీ, వేసుకోకపోతే తప్పు. మంగలి దగ్గర కత్తి ఉందని గొంతు కోస్తాడంటామా?

విశాఖ తీరం:
ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాణ్ని, ఇవాళ ఆగలేక రాస్తున్నాను.

మీరంతా అమెరికా ఎందుకు దిగింది అంటున్నారు. మాది అడక్కుండానే దింపిన దేశం. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయి ఒక్క ప్రకటనతో మన దేశాన్ని యుద్ధంలో పెట్టేశాడు. అక్కడ ఒక్క ఓటు తేడాతో సైన్యాన్ని ఉంచుకున్నారు, ఇక్కడ ఓటే లేదు. 1941 ఆగస్టులో రూజ్వెల్ట్, చర్చిల్ ఓడ మీద కలుసుకుని అట్లాంటిక్ చార్టర్ అన్నారు, ఏ ప్రభుత్వం కింద బతకాలో ప్రజలే తేల్చుకుంటారు అని అందులో రాశారు. సెప్టెంబర్ 9న చర్చిల్ పార్లమెంటులో, అది నాజీల కింద ఉన్న ఐరోపా దేశాల గురించే, ఇండియా గురించి కాదని తేల్చేశాడు.

మా నాన్నమ్మ చెప్పేది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. పగటిపూటే విమానాలొచ్చాయి. ర్యూజో అనే జపాన్ వాహక నౌక మీంచి వచ్చినవని ఆమెకేం తెలుసు, మనవే అనుకుని పిల్లలు వీధిలోకొచ్చి చూశారట. హార్బర్ వైపు చప్పుడు. ఆ రోజే కాకినాడ మీదా వేశారు. పొద్దు గూకే లోపల బళ్లు కట్టించుకుని పైనున్న ఊళ్లకి పోయారు. పొయ్యి మీద పులుసు అలాగే వదిలేసి వెళ్లామని ఆమె బాధ, అరవయ్యేళ్ల తర్వాత కూడా. తిరిగొచ్చేసరికి ఆ గిన్నె కూడా లేదట.

పెర్ల్ హార్బర్‌లో మొదలైన సెగ నాలుగు నెలలకి మా పొయ్యి దాకా వచ్చింది. ఆ రోజు మన తీరాన్ని కాపాడ్డానికి చెప్పుకోదగ్గ నౌక లేదు. అందుకే నాకు అమెరికా దిగడం గురించి మీ అందరిలా చిరాకు లేదు. ఇంకా ముందే దిగి ఉంటే అనిపిస్తుంది. తర్కం కాదు, తెలుసు.

డల్లాస్ బావ:
ఏప్రిల్ 6 అన్నావు గనక ఒకటి గుర్తొచ్చింది. సరిగ్గా పాతికేళ్ల ముందు, 1917 ఏప్రిల్ 6నే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ప్రతినిధుల సభలో 373-50. వద్దన్న ఆ యాభై మందిలో జెనెట్ రాంకిన్ ఉంది, మోంటానా నుంచి వచ్చింది, కాంగ్రెస్‌లోనే మొదటి మహిళా సభ్యురాలు. తర్వాత ఎన్నికల్లో సభకి దూరమైంది. మళ్లీ 1940లో గెలిచొచ్చింది. 1941 డిసెంబర్ 8న 388-1లో ఆ ఒక్కటీ ఈమెదే.

ఆడదాన్ని, నేను యుద్ధానికి వెళ్లలేను, వెళ్లలేనప్పుడు ఇంకొకర్ని పంపను అంది. ఓటేసి బయటికొస్తే జనం, విలేకరులు మీద పడ్డారు. టెలిఫోను గదిలోకి దూరి తలుపేసుకుని, పోలీసుల్ని పిలిపించుకుని ఆఫీసు చేరింది. మళ్లీ పోటీ చెయ్యలేదు.

గట్టు గారు అడిగిన ప్రశ్నకి రెండు యుద్ధాలకీ వద్దని ఓటు వేసి జవాబు చెప్పింది ఆమె ఒక్కతే.

ఉల్లి పెసరట్టు:
ఆమె ఓటు తప్పు. అయినా ఆ టెలిఫోను గది ఫోటో ఒకటి ఉంది చూడండి. ఆ ముఖం చూస్తే నాకైతే నవ్వు రాలేదు.

గోదారిగట్టు:
రెండ్రోజులు పట్టింది ఇవన్నీ చదవడానికి. ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను, ఒకటి తీసుకోను. సముద్రం మీద ఓడలు మునిగినంత మాత్రాన ఆ సభ యుద్ధానికి ఓటేసేది కాదు, మాస్టారి 203-202 నన్ను ఒప్పించింది. దొడ్డిదారి అన్నాను గానీ ఆ దారి పెరడు దాకానే ఉంది, ఇంట్లోకి లేదు. గ్రీర్ మాట మాత్రం వెనక్కి తీసుకోను. అబద్ధం అబద్ధమే. ఓరుగల్లు చెల్లి చెప్పిన నూనె సంగతి మీద విడిగా ఒక చర్చ పెడతాను, అది దీంట్లో ఇమడదు.

విశాఖ తీరం గారూ, మీ నాన్నమ్మగారి పులుసు గిన్నె నన్ను వదలడం లేదు.

మావాడికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే పరీక్షలో ఏం రాయను బాబాయ్?" అన్నాడు. "చేయుటచే" అనే రాయరా, మార్కులు పోతాయి అన్నాను.

లెక్కల మాస్టారు:
ఎన్ని మార్కుల ప్రశ్న? నాలుగైతే నూనె సంగతి కూడా రాయమనండి.